జమకు రాని చుట్లు

"అన్నీ కుదిరినట్టేనండీ అమ్మగారూ. ఒక్క షరతు ఉంది" అంది అమలమ్మ.

సుబ్బరత్నం తన మరిది తిరుపతిరావు చేత కొత్త సైకిలును వెనకవైపు ఎత్తి పట్టించి, పెడలు ఒక్కసారి గట్టిగా తిప్పి వదిలి, వంగి చెవి ఒగ్గింది. ఫ్రీవీలు టిక్‌టిక్‌మంటూ చాలాసేపు తిరిగింది. ఎక్కడా తడబాటు లేదు. ఆమెకు సైకిలెక్కడం రాదు. కాని గవర్నర్‌పేటలోని ఆ సైకిళ్ళ కొట్లో, భర్త పటం కింద గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాక, వీధిలో పోయే సైకిలుకు ఏం జబ్బు చేసిందో చప్పుడు విని చెప్పడం పట్టుబడింది.

చక్రం ఆగాకే ఆమె తలెత్తింది. బేరమంతా అయ్యాక వచ్చే షరతే అసలు బేరం. ఆ సంగతి తెలియనివాళ్ళు కొట్టు పెట్టకూడదు.

"చెప్పు" అంది.

అమలమ్మ భర్త వైపు చూసింది. బాలశౌరి కొట్టు మెట్టు కింద ఉన్నాడు. సన్నటి మనిషి. నిక్కరు కింద పిక్కలు మాత్రం వేరే మనిషివి తెచ్చి అతికించినట్టున్నాయి. నిలబడ్డాడన్న మాటే గాని ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూనే ఉన్నాడు. ఊరూరా తిరిగి, నేలమీద కాలు పెట్టకుండా రోజుల తరబడి సైకిలు తొక్కడం అతని జీవనం. తిండి, స్నానం, కునుకు అన్నీ సీటు మీదే. ఇక్కడ ఏలూరు కాలవ పక్కనున్న ఖాళీ జాగాలో ఐదు రోజులు తొక్కడానికి ఒప్పుకున్నాడు. తొక్కే సైకిలు సుబ్బరత్నం కొట్టుది.

"ఆట అయిందని ఈల ఊదాక ఆయన్ని ఎవరూ దించకూడదండీ. ముట్టుకోకూడదు" అంది అమలమ్మ. "మెల్లగా ఇంకా కొన్ని చుట్లు తిరుగుతాడు. ఆయనంతట ఆయనే దిగుతాడు. దిగినాక కూడా కూర్చోబెట్టొద్దండీ. కాసేపు నడిపించుకోవాలి."

"ఆట అయిపోయాక తిరగడం ఎందుకు?" అన్నాడు తిరుపతిరావు. "ఎవరు చూస్తారు దాన్ని?"

"చూడ్డానికి కాదండీ. మైలవరంలో దించారు." అమలమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. "ఈల వినపడిందో లేదో, పదిమంది మీదపడి భుజాలకెత్తుకున్నారు. గెలిచినోణ్ణి ఎత్తుకోవడం మర్యాదంట. బాజాలెట్టి ఊరేగిస్తన్నారు. మెడ వాలిపోయింది. నేను కింద నిలబడి, దండలకి తలవంచుతున్నాడు కామోసు అనుకున్నా. దించి చూస్తే మొహంలో చుక్క నెత్తురు లేదు. సచ్చాడనే అనుకున్నారండీ అందరూ. ఎడం కాలు అప్పణ్ణించీ తిమ్మిరే."

"తిమ్మిరి కాదండీ, అలక" అన్నాడు బాలశౌరి కింద నుంచి. "అడక్కుండా ఆపారని దానికి కోపం."

తిరుపతిరావు నవ్వాడు. అమలమ్మ నవ్వలేదు.

సుబ్బరత్నం మనసులో తూకం వేసింది. ఇందులో నిజమెంత, బేరమెంత? ఆఖర్న ఇంకేదో అడగడానికి ఇప్పుడు వేసే మెట్టా? ఎటు చూసినా ఆ షరతుకు తన వైపు నుంచి అయ్యే ఖర్చేమీ కనిపించలేదు. అయిపోయిన ఆటలో నాలుగు చుట్లు ఎక్కువైతే తన కొట్టు పేరు జనం నాలుగుసార్లు ఎక్కువ చదువుతారు.

"సరే" అంది.

"మాటేనాండీ?"

"మాటే."

వాళ్ళు వెళ్ళాక తిరుపతిరావు సైకిలు దించి చేతులు దులుపుకున్నాడు. "వదినా, జాగా సంజీవరావుగారిది. ఊరికే ఇచ్చాడు. ఆఖరిరోజు ఆయన్నే పిలుస్తున్నా. ఆయన సినిమా హాలు పక్కన కాంప్లెక్సు లేస్తోంది చూశావుగా. మెయిన్ రోడ్డు మీద మూల కొట్టు. ఎవరికిస్తాడో ఇంకా తేల్చలేదు."

"తెలుసు" అంది సుబ్బరత్నం. ఆమె ఈ ఆటకు ఒప్పుకున్నదే ఆ మూల కొట్టు కోసం. సందులో ఉన్న కొట్టుకు జనం వెతుక్కుంటూ రావాలి. మూల మీది కొట్టుకు జనమే తగులుతారు.

*

మాఘం వెళ్ళి ఎండ ముదురుతున్న రోజులు. జాగా మధ్యలో మైకు స్తంభం పాతి, దాని చుట్టూ సున్నంతో వలయం గీశారు. వలయం బయట తాడు కట్టారు. తాడుకు అవతల జనం, జనానికి అవతల పల్లీల బండ్లు, సోడా బండ్లు. కొబ్బరికాయ కొట్టింది తిరుపతిరావు. అమలమ్మ నుదుటి మీద శిలువ గుర్తు వేసుకుని, భర్త పిక్కలకు ఆముదం రాసి, పక్కకు తొలిగింది. బాలశౌరి ఎక్కాడు.

మొదటిరోజు జనం నవ్వుతూ చూశారు. రెండోరోజు పనిగట్టుకుని వచ్చారు. మూడోరోజుకు వన్ టౌన్ కొట్లలోని గుమాస్తాలు కూడా మధ్యాహ్నం భోజనానికి పోతూ పోతూ కాలవ దాటి వచ్చి ఒక చూపు చూసి పోతున్నారు. బాలశౌరి సైకిలు మీదే పళ్ళు తోముకున్నాడు. తిరుగుతూనే అమలమ్మ అందించిన చెంబులు ఒక్కొక్కటే అందుకుని నెత్తిమీద కుమ్మరించుకున్నాడు. నేలమీది రుమాలును వంగి పళ్ళతో తీశాడు. చేతులు వదిలి, సీటు మీద వెల్లకిలా వాలి, పాదాలతో తొక్కుతూనే తిరిగాడు.

సుబ్బరత్నం రోజూ సాయంత్రం కొట్టు నుంచి రిక్షాలో వచ్చి, ఆడవాళ్ళకు వేసిన బెంచీ చివర కూర్చునేది. అందరూ అతని ఫీట్లు చూస్తుంటే ఆమె చక్రాన్ని వింటోంది. మొదట్లో చెయిను సంగతి, బేరింగుల సంగతి విన్నది. తరువాత ఆమెకు ఇంకొకటి తెలిసింది. ఫ్రీవీలు టిక్కుటిక్కుమనడం లేదు. తొక్కేవాడు కాళ్ళు ఆపితేనే ఫ్రీవీలు పలుకుతుంది. ఎవరైనా నాలుగు తొక్కులు తొక్కి కాసేపు ఊరికే పోనిస్తారు. ఇతను పోనివ్వడు. కునుకు పట్టి తల ఊగుతున్నప్పుడు కూడా పాదాలు మెల్లగా, తిరగలి తిప్పినట్టు తిరుగుతూనే ఉన్నాయి.

"ఎప్పుడూ ఆపడా?" అని అడిగింది అమలమ్మను.

అమలమ్మ పిడతలో గంజి చల్లారబెడుతోంది. ఈస్టరు ముందు ఉపవాసాలుండే తపస్సు కాలం కావడంతో ఆమె ఒంటిపూటే తింటోంది. ఆ ఒక్క పూటా కూడా నిలబడే. "ఆపితే కష్టమండీ. తొక్కడం తొక్కడమే. ఆపడమే ఆయనకి పని."

నాలుగోరోజు తిరుపతిరావు ఫోటోగ్రాఫరును తీసుకొచ్చాడు. మూడుకాళ్ళ స్టాండు, నల్లగుడ్డ. కొట్టు పేరు రాసిన రేకును సైకిలు ముందు కట్టారు. ఫోటోగ్రాఫరు రెండుసార్లు గుడ్డలోకి దూరి రెండుసార్లు బయటికొచ్చాడు.

"కదిలితే మసకొస్తదండీ. పేరు కూడా చదవనివ్వదు."

"కాలు కింద పెట్టకూడదుగా" అన్నాడు తిరుపతిరావు. వెంటనే అతనికే ఉపాయం తట్టింది. ఇద్దరు బలమైన మనుషుల్ని పిలిచాడు. ఒకడు హ్యాండిలు, ఒకడు క్యారియరు. సైకిలును నిలబెట్టి పట్టుకున్నారు. బాలశౌరి సీటు మీద, పాదాలు పెడళ్ళ మీద.

"ఎక్కువసేపొద్దు బాబూ" అన్నాడు బాలశౌరి.

"ఒక్క క్షణమే. నవ్వాలి. ఇటు చూడాలి."

సుబ్బరత్నం మొదట విన్నది ఫ్రీవీలు చప్పుడు. చక్రం ఆగుతూ ఆగుతూ పలికిన నాలుగు టిక్కులు. తరువాత ఏ చప్పుడూ లేదు. ఆమె అతని కాళ్ళకేసి చూసింది. పిక్కల మీది నరాలు తాళ్ళలా ఉబ్బాయి. తలెత్తి చూస్తే బాలశౌరి నవ్వుతూనే ఉన్నాడు. కాని నవ్వు వెనక మొహం ఖాళీ అవుతోంది. అడుగున చిల్లుపడ్డ కుండలో నీళ్ళలా రంగు పైనుంచి కిందికి జారిపోయింది. నుదురు, బుగ్గలు, పెదవులు.

గంజి పిడత నేలమీద పడింది. అమలమ్మ తాడు కిందినుంచి దూరి పరిగెత్తింది. "వదలండి! వదలండయ్యా!" వాళ్ళు వదల్లేదు, పడతాడేమోనని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. ఆమె క్యారియరు దగ్గరివాణ్ణి మోచేత్తో నెట్టి, భర్త పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని పెడలుతో సహా తిప్పింది. సీటును నెట్టుకుంటూ పరిగెత్తింది. సైకిలు అటూ ఇటూ ఊగింది. బాలశౌరి మెడ ఒకసారి వెనక్కి వాలి, ముందుకొచ్చింది. అలవాటున్న కాళ్ళు పెడళ్ళను వెతుక్కున్నాయి. సగం వలయం తిరిగేసరికి తొక్కుతున్నాడు.

జనం అది కూడా ఒక ఫీటనుకుని చప్పట్లు కొట్టారు.

"వచ్చిందా?" అని ఫోటోగ్రాఫరును అడిగాడు తిరుపతిరావు.

"భేషుగ్గా వచ్చిందండీ."

సుబ్బరత్నం లేచి నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో ఆమెకు తెలియదు.

"ఎండదెబ్బ వదినా" అన్నాడు తిరుపతిరావు బెంచీ దగ్గరకొచ్చి. "మజ్జిగ ఎక్కువ పోయమని చెప్తా."

*

ఐదోరోజు పొద్దున కొట్టు తెరుస్తుండగానే మైకు బండి సందులోంచి వెళ్ళింది. ఈ సాయంత్రం ఆఖరి ఘట్టమట. బాలశౌరి సుడిగాలి వేగంతో తొక్కుతాడట. ఈల పడగానే సంజీవరావుగారు స్వహస్తాలతో దండ వేసి కిందికి దించుతారట. భుజాల మీద ఊరేగింపట.

మైకు బండి మలుపు తిరిగేలోగా అమలమ్మ వచ్చింది. మెట్టెక్కలేదు. కిందే నిలబడింది.

"మాటిచ్చారు గదండీ అమ్మగారూ."

సుబ్బరత్నం షట్టరు తాళాన్ని చేతిలో తిప్పుతోంది. జవాబు తిరుపతిరావు చెప్పాడు.

"షావుకారు చేతుల మీదుగా దిగడమంటే వాడి అదృష్టమే అమలమ్మా. రేపు ఇంకో ఊళ్ళో ఆడేటప్పుడు చెప్పుకోవచ్చు. ఆయన ఫస్టు షో టైముకి హాల్లో ఉండాలి, కొత్త సినిమా. ఈల వెయ్యడం, దించడం, దండ, అంతే. మీవాడు ఊరికే తిరుగుతుంటే ఆయన దండ పట్టుకుని స్తంభంలా నిలబడతాడా?"

"తొక్కించుకోండి బాబూ. ఎంత జోరుగా కావాలంటే అంత జోరుగా తొక్కుతాడు. తొక్కినాక వదిలెయ్యమంటన్నా. నిన్న చూశారు గదా, ఊరికే నిలబెడితేనే అట్టయ్యాడు. జోరుగా తొక్కించి దించితే..."

"ఆట ఆడేది వాడా, నువ్వా?"

అమలమ్మ అతని వైపు చూడలేదు. "అమ్మగారూ, నేను ఆయన్ని అడగలేదు. మిమ్మల్ని అడిగా."

సుబ్బరత్నం లెక్క వేస్తూనే ఉంది. ఇటు ఒక ఆటగాడి పెళ్ళానికిచ్చిన మాట. అది బయటివాళ్ళెవరూ వినలేదు. తప్పినా రేపు ఈ పాటికి వాళ్ళు ఇంకో ఊరి బస్సులో ఉంటారు. అటు మూల కొట్టు. సంజీవరావు మాట తప్పేవాణ్ణి క్షమిస్తాడు గాని, తనను నిలబెట్టినవాణ్ణి క్షమించడని వ్యాపారస్తులంతా అనుకుంటారు. తూకంలో రెండూ పెట్టి చూస్తే ఎటు మొగ్గుతుందో చిన్నపిల్ల కూడా చెబుతుంది. అయినా ముల్లు ఊగుతూనే ఉంది. నిన్నటి ఆ మొహం ఏ పళ్ళెంలో వెయ్యాలో తెలియక.

"చూద్దాంలే అమలమ్మా" అంది చివరకు.

చూద్దాం అనేది సరుకు లేనప్పుడు చెప్పే మాట. చెప్పేవాళ్ళకూ తెలుసు, వినేవాళ్ళకూ తెలుసు.

"చూస్తారండీ" అంది అమలమ్మ. "మైలవరంలో కూడా అందరూ చూశారు."

ఆమె వెళ్ళిపోయింది. సుబ్బరత్నం ఆ రోజంతా బేరాలు చేసింది. ఒక సైకిలుకు బెల్లు బిగించడం మర్చిపోయి అమ్మేసింది. కొన్నవాడు వెనక్కి వచ్చి అడిగితే గాని గుర్తురాలేదు.

*

సాయంత్రానికి కాలవ గట్టు మీద కూడా జనం నిలబడ్డారు. వేదిక మీద నాలుగు కుర్చీలు. మధ్య కుర్చీలో సంజీవరావు, తెల్ల పంచె, తెల్ల చొక్కా. ఆయన ముందు బల్ల మీద పళ్ళెంలో బంతిపూల దండ. వేదిక కింద మరో నలుగురు మనుషులు తలపాగాలు బిగించి సిద్ధంగా ఉన్నారు. భుజాలకెత్తుకోవడానికి.

సుబ్బరత్నాన్ని వేదిక మీదికి రమ్మన్నారు. ఆమె బెంచీ దగ్గరే కూర్చుంది.

"సుడిగాలి!" అని మైకులో అరిచాడు తిరుపతిరావు. డప్పులు మొదలయ్యాయి.

బాలశౌరి సీటు మీంచి లేచి పెడళ్ళ మీద నిలబడ్డాడు. ఐదు రోజుల గడ్డం, ఎండకు కమిలిన మెడ. సైకిలు ఒరిగింది. సున్నపు గీత దుమ్ములో చెరిగిపోయింది. జనం కేకలు డప్పుల్ని మించాయి. ప్రతి చుట్టులోనూ అతని మొహం బెంచీ ముందు నుంచి దూసుకుపోతోంది. నోరు తెరుచుకుని, కళ్ళు ఎక్కడో పెట్టుకుని. అమలమ్మ స్తంభాన్ని ఆనుకుని నిలబడింది. ఆమె పెదవులు కదులుతున్నాయి.

ఈల పడింది.

డప్పులు ఆగాయి. సంజీవరావు లేచి దండ చేతిలోకి తీసుకున్నాడు. బాలశౌరి పెడళ్ళ మీంచి సీటు మీదికి దిగాడు. వేగం తగ్గించాడు. వేదిక ముందుకొచ్చాడు.

ఆగలేదు. వేదిక దాటి వెళ్ళిపోయాడు.

జనం మొదట కేరింతలు కొట్టారు. ఇంకో చుట్టు బోనసు అనుకున్నారు. రెండో చుట్టు కూడా వేదిక దాటిపోయాడు. సైకిలు నడక కంటె కొంచెమే వేగంగా పోతోంది. చూడ్డానికి అందులో ఏమీ లేదు.

"దిగడం మర్చిపోయాడ్రోయ్!" అన్నారెవరో.

"సీటుకి అతుక్కుపోయి ఉంటదిరా. ఆముదం పొయ్యండి!"

"పెళ్ళయిపోయినా పీటల మీంచి లేవడేంట్రా ఈడు!"

నవ్వులు ఒకవైపు నుంచి ఇంకోవైపుకు పాకాయి. సంజీవరావు నవ్వలేదు. దండ పట్టుకుని నిలబడి గడియారం చూసుకున్నాడు.

"బాలశౌరీ!" తిరుపతిరావు గొంతు మైకులో పగిలింది. "చాలు, దిగు. షావుకారుగారు నిలబడ్డారు." అతను మైకు చేత్తో మూసి, కింద ఉన్న నలుగురికి సైగ చేశాడు. నలుగురూ పంచెలు ఎగ్గట్టి వలయంలోకి దిగారు. ఇద్దరు ఆ పక్క, ఇద్దరు ఈ పక్క. అమలమ్మ వాళ్ళకు అడ్డం వెళ్ళింది. ఒకడు ఆమెను నవ్వుతూనే పక్కకు జరిపాడు.

సుబ్బరత్నానికి అప్పుడు వినిపించింది. టిక్. ఒక్కటే. మళ్ళీ టిక్, టిక్. వస్తున్న మనుషుల్ని చూసి బాలశౌరి కాళ్ళు ఆపాడు.

ఆమె లేచింది. బెంచీ మీది ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. తాడును ఎత్తి కిందినుంచి దూరింది. అంతమంది మగవాళ్ళ ముందు వంగి తాడు దాటడం ఆమెకు జన్మలో మొదటిసారి. నేరుగా సైకిలుకు ఎదురు నడిచింది.

"తొక్కు" అంది. "ఆపకు. తొక్కు."

నలుగురివైపు తిరిగింది. "మీరు జరగండి."

"తిరుపతిరావుగారు చెప్పారండీ..."

"సైకిలు నాది. జరగండి."

వాళ్ళు వేదిక వైపు చూశారు. వేదిక మీద తిరుపతిరావు మైకు మీంచి చెయ్యి తియ్యలేదు. జరిగారు.

సైకిలు ఆమె పక్కనుంచి పోతోంది. ఆమె క్యారియరు మీద చెయ్యి వేసింది. నెట్టడానికి కాదు, ఆపడానికీ కాదు. చెయ్యి వేసి పక్కనే నడిచింది. అటు పక్కకు అమలమ్మ వచ్చింది. వేదిక దగ్గరకు వచ్చేసరికి సుబ్బరత్నం తలెత్తింది.

"అన్నయ్యగారూ, క్షమించాలి" అంది నడుస్తూనే. "ఆట మీ చేతుల మీదుగానే ముగిసింది. దిగడం మాత్రం ఆయన ఇష్టం. అట్లాగని మాటిచ్చా."

"ఎంతసేపమ్మా?" అన్నాడు సంజీవరావు.

"తెలియదండీ."

అంతలో వేదిక వెనకపడింది. మళ్ళీ చుట్టు తిరిగి వచ్చేటప్పటికి సంజీవరావు దండను కుర్చీ మీద పెట్టి మెట్లు దిగుతున్నాడు. ఆమె కోసం ఒక్క క్షణం ఆగాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

"తిరుపతిరావు మాటే మీ మాట అనుకున్నానమ్మా" అన్నాడు. "కొట్టు ఎవరికిస్తున్నామో తెలుసుకుని ఇవ్వాలి గదా. ఇప్పుడు తెలిసింది." నమస్కారం పెట్టి కారు ఎక్కాడు.

జనం కాసేపు చూశారు. "ముసలమ్మ కూడా పందెంలో దిగిందిరోయ్!" అని ఒకడు అన్నాడు గాని, ఎక్కువమంది నవ్వలేదు. ముగ్గురు మనుషులు ఒక సైకిలుతో మెల్లగా తిరగడం ఎంతసేపని చూస్తారు? ఫస్టు షోకు పోయేవాళ్ళు పోయారు. పల్లీల బండి కదిలింది. డప్పులవాళ్ళు డప్పులు భుజాన తగిలించుకున్నారు.

"అమ్మగారూ, మీరెందుకండీ" అన్నాడు బాలశౌరి. గొంతు గరగరలాడింది.

"మాట్లాడకు. తొక్కు."

"మాట్లాడితేనే కళ్ళు మూతలు పడవండీ."

"అయితే మాట్లాడు."

అతను తొక్కుతూనే కిందికి చూశాడు. "మీ సైకిలు చెయిను కొంచెం వదులయిందండీ."

"విన్నాలే. నిన్న సాయంత్రం నుంచీ."

అమలమ్మ మొహం తిప్పుకుంది. ఆ ఐదు రోజుల్లో ఆమె నవ్వడం సుబ్బరత్నం చూసింది అదే.

అతని మెడ మీద చెమట ఆరడం సుబ్బరత్నం చూస్తూ నడిచింది. రొప్పు తగ్గి ఊపిరి నిదానించింది. పిక్కల మీది తాళ్ళు ఒక్కొక్కటే లోపలికి పోయాయి. తొక్కు నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది. చివరకు సైకిలు నిలబడలేక ఊగేంత నెమ్మదైనప్పుడు, బాలశౌరి ఎడం కాలు చాచి నేలకు ఆనించాడు. కళ్ళు మూసుకుని నేలను తడిమి చూసుకున్నాడు. రెండో కాలు దించాడు. అమలమ్మ ఒక చేత్తో అతని నడుము, ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుంది. ముగ్గురూ ఆగకుండా నడిచారు. తొక్కేవాడు లేని సైకిలు చేతిమీద దొర్లుతూ, టిక్కుటిక్కుమని తీరిగ్గా పలుకుతోంది.

పడలేదు. మొహంలో రంగు మొహంలోనే ఉంది. రెండు చుట్లు నడిచి, "ఆకలేస్తందే" అన్నాడు.

తిరుపతిరావు మైకు తీగలు చుడుతున్నాడు. వాళ్ళు దగ్గరకొచ్చేదాకా ఆగి, తీగ చుట్ట చేతిలోనే పట్టుకుని సుబ్బరత్నం పక్కన నడిచాడు.

"చూశావా వదినా. ఏమీ కాలేదు" అన్నాడు. గొంతులో కోపం కంటె ఏడుపే ఎక్కువ ఉంది. "దించినా ఏమీ అయ్యేది కాదు. ఊరికే పోగొట్టుకున్నాం మూల కొట్టు."

జరిగిన నష్టాన్ని ఎవరికైనా చూపించవచ్చు. జరగనిదాన్ని ఏ కాటాలో పెట్టి చూపిస్తారు? వాడు పడి ఉంటే తను చేసింది న్యాయమని ఊరంతా ఒప్పుకునేది. పడలేదు కాబట్టి అది తెలివితక్కువతనమే. ఇవాళా రేపూ ఈ మాట వింటూనే ఉండాలి. ఆ లెక్క తాడు దాటేటప్పుడే ఆమెకు తెలుసు.

"పోయింది" అంది. "తీగలు అక్కడ పెట్టు. అమలమ్మ చెయ్యి నొప్పి పెడుతుంది, ఆ పక్కన నువ్వు పట్టుకో."

తిరుపతిరావు ఒక క్షణం నిలబడ్డాడు. తీగ చుట్టను కుర్చీలో, బంతిపూల దండ మీదనే పడేశాడు. వచ్చి బాలశౌరి చెయ్యి తన భుజం మీద వేసుకున్నాడు. "నడువు" అన్నాడు విసుగ్గా. "ఇంకా ఎన్నాళ్ళు నడవాలో నువ్వు."

"కూర్చోమన్నదాకానండీ" అన్నాడు బాలశౌరి.

రిక్షా గట్టు దగ్గర ఆగి ఉంది. సుబ్బరత్నం వాళ్ళను వదిలి అటు వెళ్ళింది. పాదాలు మండుతున్నాయి. చీర అంచు అంతా సున్నం, దుమ్ము. గుండె ఇంకా గబగబా కొట్టుకుంటోంది. రిక్షా రేకు పట్టుకుని కాలు పైకి పెట్టబోయింది.

"అమ్మగారూ!" వెనకనుంచి అమలమ్మ కేక వేసింది. "వెంటనే కూర్చోకండి. నాలుగడుగులు వెయ్యండి."

సుబ్బరత్నం పైకెత్తిన కాలు దించింది. రిక్షావాడు వెనక్కి తిరిగి చూశాడు.

"ఎక్కండమ్మా."

"నువ్వు ముందు పద" అంది ఆమె. "మెల్లగా."

ఖాళీ రిక్షా గట్టు మీద ముందు కదిలింది. దాని వెనకే సుబ్బరత్నం నడిచింది, కాలవ నీళ్ళు పోతున్నంత నెమ్మదిగా. రిక్షా ఎడమ చక్రంలో ఒక పుల్ల వదులైంది. దాని టకటక వింటూ, రేపు రిక్షావాణ్ణి కొట్టుకు రమ్మని చెప్పాలనుకుంది.